రసదృష్టిలో ఒక యుద్ధనవల



యుద్ధకథ యనగానే మన మనస్సునకు మొదట తోచునది వీరరసము. పురాణకాలక్షేపమున ద్రోణపర్వము వచ్చినప్పుడు అభిమన్యుడు పద్మవ్యూహమును జొచ్చు ఘట్టము కొరకు ఊరెల్ల ఎదురుచూచును. వీరవిద్యావంతులు పల్నాటి కథ పాడునప్పుడు బాలచంద్రుడు కారెంపూడి రణభూమికి కదలు పట్టున వృద్ధులు సయితము నిటారుగా కూర్చుందురు. ఇట్టి కథలు విని పెరిగిన మన యెదుట నేడొక ప్రశ్న నుంచదలచితిని. ఆద్యంతము యుద్ధమే నిండియున్న ఒక కథలో వీరరసమునకు చోటు లేకపోయినచో, ఆ కథను మనమెట్లు చదువవలెను? దానిలో ప్రధానరసమేది? మన పూర్వులగు ఆలంకారికులు మనకిచ్చిన కొలమానము అట్టి గ్రంథమునకు చాలునా, చాలదా?

ఇందుకై నేను తీసికొన్నది జర్మను భాషలోని ఒక నవల. దానిని రచించినవాడు ఎరిక్ మరియా రెమార్క్. ఈతడు 1898 వ సంవత్సరమున ఓస్నబ్రూక్ అను పట్టణమున జన్మించెను. 1914 మొదలు 1918 వరకు సాగిన మొదటి ప్రపంచయుద్ధ కాలమున, పదునెనిమిదేండ్ల ప్రాయమున, 1916 నవంబరులో సైన్యమునకు పిలువబడెను. 1917 లో పశ్చిమరంగమునకు పంపబడి, ఆ జులై నెలాఖరున ఫిరంగిగుండు తునకలు తగిలి ఆసుపత్రి పాలయ్యెను. పదేండ్లకు పైగా గడచిన పిమ్మట ఆతని నవల 1928 చివర బెర్లినులోని ఒక దినపత్రికలో భాగములుగా వెలువడి, 1929 జనవరిలో గ్రంథమై, కొలదికాలములోనే లక్షలకొలది ప్రతులు అమ్ముడుపోయి పెక్కు భాషలలోనికి పోయినది. దాని జర్మను పేరునకు ‘పశ్చిమమున క్రొత్త విశేషమేమియు లేదు’ అని యర్థము. ఆ పేరు ఎందుకు పెట్టబడినదో తుదిని చెప్పెదను. గ్రంథహృదయము ఆ పేరులోనే దాగియున్నది.

పశ్చిమరంగ మనగా ఉత్తరసముద్రతీరము మొదలు స్విట్జర్లాండు సరిహద్దు వరకు సుమారు 700 కిలోమీటర్ల మేర ఎదురెదురుగా త్రవ్వబడిన కందకముల వరుస. ఒక వైపున జర్మనులు, మరియొక వైపున ఫ్రెంచివారు, ఆంగ్లేయులు, వారి తోడివారు. ఆ యుద్ధమున మన దేశమునుండి పది లక్షలకు పైబడిన మంది పనిచేసిరి. 1914, 1915 సంవత్సరములలో భారతీయ పటాలములు ఆ ఫ్రెంచి నేలమీదనే పోరినవి. అచటి యుద్ధము మనము పురాణములలో వినునట్టిది గాదు. రథికుడు రథికుని పేరు పెట్టి పిలిచి తలపడుట లేదు. ఎక్కడో కోసుల దూరమున నున్న ఫిరంగి ప్రేలును. ఇక్కడ గోతిలో నున్న మనుష్యుడు తునుకలగును. చంపినవాడు చచ్చినవాని ముఖము నెరుగడు.

ఇక మన కొలమానమును గూర్చి రెండు మాటలు. భరతముని నాట్యశాస్త్రమున శృంగారము, హాస్యము, కరుణము, రౌద్రము, వీరము, భయానకము, బీభత్సము, అద్భుతము అని ఎనిమిది రసములను చెప్పెను. తరువాతివారు శాంతమును చేర్చి తొమ్మిది యనిరి. ప్రతి రసమునకును స్థాయిభావ మొకటి యుండును. వీరమునకు ఉత్సాహము, కరుణమునకు శోకము స్థాయిభావములు. ఆ భావమునకు కారణమగు వ్యక్తియు పరిసరములును విభావములు. బయటకు కనబడు చేష్టలు అనుభావములు. నడుమ నడుమ వచ్చిపోవు చింత, దైన్యము మొదలగునవి వ్యభిచారిభావములు. కాశ్మీరదేశమున తొమ్మిదవ శతాబ్దిని వెలసిన ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకమున దీనికి మరి రెండు ముఖ్యవిషయములను చేర్చెను. రసము పేరు పెట్టి చెప్పిన పుట్టదు, ధ్వనింపజేసిననే పుట్టును అనునది మొదటిది. ఒక గ్రంథమున ఎన్ని రసములున్నను ఒక్కటియే అంగి, అనగా ప్రధానము. తక్కినవి దానికి అంగములై దానిని పోషింపవలెను అనునది రెండవది. ఆతని మతమున రామాయణమున అంగిరసము కరుణము. పదునెనిమిది దినముల యుద్ధమును వర్ణించిన మహాభారతమున అంగిరసము వీరము గాదు, శాంతము. యాదవులును పాండవులును తుదకు పొందిన గతిని చూపి వ్యాసుడు మనకు వైరాగ్యమును కలిగించినాడని ఆతని వాదము. ఈ దీపమును చేతబట్టుకొని జర్మను నవలలోనికి పోదము.

కథ చెప్పువాడు పౌల్ బాయ్మర్ అను పందొమ్మిదేండ్ల కుర్రవాడు. ఆతని తరగతికి కాంటోరెక్ అను ఉపాధ్యాయుడు కలడు. యుద్ధము రాగానే ఆ ఉపాధ్యాయుడు దేశభక్తిని గూర్చి గంటలకొలది ప్రసంగములు చేసి, తరగతినంతయు వెంటబెట్టుకొని పోయి సైన్యమున చేర్పించెను. వారిలో బేమ్ అను స్థూలకాయుడు మాత్రము వెనుకాడెను. కాని నలుగురిలో పిరికివాడనిపించుకొనుట కోర్వలేక ఆతడును చేరెను. ఆ తరగతిలో మొదట మరణించినవాడు ఆతడే. కంటికి దెబ్బ తగిలి పడిపోగా చనిపోయినాడని తోడివారు విడిచి వచ్చిరి. మధ్యాహ్నమున చూపులేక, బాధచే మతిదప్పి, రెండు సైన్యముల నడుమ ప్రాకుచు కనబడెను. ఎవరైనను పోయి తెచ్చులోపల ఎదుటివారు కాల్చివేసిరి.

ఇక్కడ శాస్త్రము మనకు చక్కగా తోడ్పడును. వీరరసము ఉత్తమప్రకృతులకు చెందినదని చెప్పి, దాని విభావములను లెక్కించుచు భరతుడు అసమ్మోహమును మొదట పేర్కొనెను. అసమ్మోహ మనగా మనస్సు కలతపడకుండుట, మోహమున పడకుండుట. తరువాత అధ్యవసాయము, నయము, వినయము, బలము, పరాక్రమము వచ్చును. అనగా తానేమి చేయుచున్నాడో తెలిసి, నిశ్చయించుకొని చేయువానియందే వీరము నిలుచును. బేమ్ నందు ఉత్సాహము లేదు, లోకాపవాదభయము గలదు. మిగిలిన బాలురయందు ఉత్సాహమున్నను అది సమ్మోహమునుండి పుట్టినది. వారు పోవుచోటేదో వారెరుగరు. నిజమైన ఉత్సాహమెల్ల నిండుగా నున్నది ఉపాధ్యాయుని యందు. కాని ఆతడు కందకమునకు పోలేదు. ఆతని ప్రసంగములు బల్లయొద్దనే ఆగినవి. తనది కాని ప్రాణమును పణముగా పెట్టి చూపు ఉత్సాహము వీరము గాదు. శాస్త్రమున దానికొక పేరు గలదు. అనుచితమగు స్థానమున పుట్టిన రసమును ఆలంకారికులు రసాభాస మందురు. పెండ్లిపందిటిలో తగవు పుట్టి వేడుక చెడినప్పుడు ‘అంతయు రసాభాస మయినది’ అని మనము అనుచుందుము గదా, ఆ మాట ఈ శాస్త్రమునుండి వచ్చినదే. రెమార్క్ ఆ ఉపాధ్యాయుని దుర్మార్గునిగా చిత్రింపలేదు. అట్టివారు ఎల్లయెడల నుండిరనియు, తాము మంచిచేయుచున్నామనియే నమ్మిరనియు చెప్పెను. నవలలో వీరరస మున్నదన్నచో ఇట్లు రసాభాసముగా, పెద్దల నోట మాత్రమే యున్నది.

మరి తక్కిన రసములేమయినవి? నవల భోజనముతో మొదలగును. వెనుక వంటవాడు నూట యేబది మందికి వండెను. ముందునుండి తిరిగి వచ్చినవారు ఎనుబది మంది. మొదట వంటవాడు లెక్క తప్పునని పెట్టనన్నను, అధికారి వచ్చి అంతయు పెట్టుమనెను. కావున ప్రతివానికిని రెండింతల తిండి, రెండింతల పొగాకు. కుర్రవాండ్రకు కడుపునిండినది, వారు ఉల్లాసముగా నున్నారు. పాఠకునకును మొదట నవ్వు వచ్చును. తరువాత లెక్క తట్టును. ఆ మిగిలిన డెబ్బదిమంది భోజనము గదా వీరు తినుచున్నది! హాస్యము కరుణమునకు విరోధి యని శాస్త్రము. కాని విరోధిరసము అంగముగా నున్నచో ప్రధానరసమును చెరుపదు, పోషించును అని ఆనందవర్ధను డనెను. ఇక్కడ జరిగినదదియే. రచయిత ‘అయ్యో’ యని ఒక్కమాట అనలేదు. ఆ బాలురు హృదయము లేనివారా యందురా, కారు. బ్రతికియున్నవానికి ఆకలి కలదు; అంతే. నవ్వులోనుండి శోకము పైకి వచ్చును.

బూట్ల కథ మరియొకటి. పౌల్ బాల్యమిత్రుడు కెమ్మెరిఖ్ ఆసుపత్రిలో పడియున్నాడు. ఆతని కాలు తీసివేసిరి. ఆ సంగతి ఆతనికి మొదట తెలియదు. మంచము క్రింద ఆతని బూట్లు, మెత్తని తోలుతో చేసిన మేలైన ఆంగ్లదేశపు బూట్లు, ఉన్నవి. చూడవచ్చిన మ్యూలర్ కన్ను వాటిపై పడెను. కెమ్మెరిఖ్ మరణించెను, బూట్లు మ్యూలర్ కాళ్లకు వచ్చెను. కొంతకాలమునకు మ్యూలర్ మరణించెను. బూట్లు పౌల్ కు వచ్చెను. తన తరువాత అవి త్యాడెన్ అను మరియొక మిత్రునికని పౌల్ మాట యిచ్చియున్నాడు. ఈ కథనము చదువుచుండగా తోలు చెప్పులు మనుష్యులకంటె దీర్ఘాయువులని మనకు తెలియవచ్చును. ఈ మాట రచయిత అనలేదు, నేనన్నాను. ఆతడు బూట్లు చేతులు మారుట మాత్రమే చెప్పెను. వాచ్యార్థము బూట్లు, వ్యంగ్యార్థము మృత్యువు. ధ్వని యనగా ఇదియే. ‘ఎంత దుఃఖము, ఎంత దుఃఖము’ అని పుటలు నింపినచో పాఠకుని కన్ను చెమర్పదు. రసమును దాని పేరుతోనే చెప్పుట దోషమని శాస్త్రము చెప్పుట ఇందులకే.

ఆ కెమ్మెరిఖ్ మరణశయ్యయొద్ద కూర్చున్న పౌల్ నకు ఒక జ్ఞాపకము వచ్చును. బడిలో వ్యాయామము చేయునప్పుడు అడ్డకడ్డీ పట్టుకొని గుండ్రముగా తిరుగగలిగినవాడు ఆ తరగతిలో కెమ్మెరిఖ్ ఒక్కడే. తిరుగునప్పుడు ఆతని పట్టువంటి జుట్టు ముఖముమీద ఎగురుచుండెడిది. ఇప్పుడా శరీరము ఒంటికాలితో మంచమున ఎండిపోయి యున్నది. ఈ ఘట్టము చదివినప్పుడు మనకు స్త్రీపర్వము గుర్తునకు రావలెను. తెగిపడిన భూరిశ్రవుని చేతిని ఒడిలో పెట్టుకొని ఆతని భార్య, ఆ చేయి బ్రతికియున్నప్పుడు తమ్ము లాలించిన తీరును తలచుకొని ఏడ్చును. శృంగారము కరుణమునకు విరోధి గదా, ఇచట తగునా యని శంకించి, గతించిన సుఖస్మరణము శోకమును ఇబ్బడి చేయును గాని తగ్గింపదు అని ఆనందవర్ధనుడు ఆ శ్లోకమునే ఉదాహరించెను. వ్యాసుడు చూపినది చేయి; రెమార్క్ చూపినది కాలు. ఆతడు ధ్వన్యాలోకమును చదివి ఇట్లు వ్రాసినాడని నేననుట లేదు. మనుష్యహృదయము దుఃఖించు మార్గము ఒక్కటే యగుటచే, దానిని సరిగా కనిపెట్టిన శాస్త్రము వేయేండ్ల తరువాతి పరదేశీయ గ్రంథమునకును పనికివచ్చుచున్నది.

అయినను శాస్త్రము చాలని చోటును చెప్పవలెను. భయానకరసము స్త్రీలయందును నీచప్రకృతులయందును కలుగునదని నాట్యశాస్త్రమున నున్నది. ఈ నవలలో ఆ విభాగము నిలువదు. ఫిరంగులు మ్రోగుచుండగా ఒక క్రొత్త కుర్రవాడు భయమున పౌల్ రొమ్మున తల దాచుకొనును. వర్షము వెలిసిన తరువాత ఆతనికి బట్టలో విరేచనమైనదని తెలియును. ఆతడు సిగ్గున కుంగిపోవును. పౌల్ పరిహసింపడు, నీకంటె ముందు ఎందరికో ఇట్లయినదని చెప్పి, బట్ట మార్చుకొమ్మని పంపును. ఫిరంగి యెదుట ఉత్తమప్రకృతి, నీచప్రకృతి యను భేదము లేదు. శరీరము కలవారందరును సమానులే. భయపడిన తోడివానిని అవమానింపకుండుటలోనే ఈ నవలలో ధైర్యము కనబడును. కత్తి, విల్లు గల కాలమున ఏర్పడిన లక్షణమును నిమిషమునకు వందల గుండ్లు కురియు కాలమునకు సవరించుకొనక తప్పదు. శాస్త్రమును గౌరవించుట యనగా దానిని పరీక్షించుట కూడ.

రసశాస్త్రమున సాధారణీకరణ మను మరియొక గొప్ప భావన కలదు. దీనిని భట్టనాయకుడు ప్రతిపాదింపగా, పదియవ శతాబ్ది చివరను పదునొకండవ శతాబ్ది ఆదిని ఉన్న అభినవగుప్తుడు విస్తరించెను. కావ్యము చదువుచుండగా ‘ఇది వానిది, ఇది నాది, ఇది శత్రువుది’ అను గుర్తులు జారిపోయి, భావము మాత్రము అందరిదై నిలుచును. సీత యెవరో కాదు, రాముడెవరో కాదు. దుఃఖము మాత్రము మనది. ఈ నవలలో ఒక ఘట్టమున కథానాయకునకే ఈ అనుభవము కలుగును. పౌల్ ఒక గోతిలో చిక్కుకొని యుండగా ఫ్రెంచి సైనికుడొకడు పైబడును. భయముచే ఆలోచింపకయే పౌల్ ఆతనిని కత్తితో పొడుచును. కాని ఆతడు వెంటనే చావడు. గంటలకొలది ఆ గోతిలో ఇద్దరే. పౌల్ ఆతనికి నీరు త్రాగించును, గాయమునకు కట్టు కట్టును. ఆతడు మరణించిన పిదప ఆతని చేతిసంచి తెరచి చూచును. భార్య, చిన్న కూతురు ఉన్న ఛాయాచిత్రములు. జెరార్ దువాల్ అను పేరు. అచ్చుపని వాడను వృత్తి. అంతవరకు ‘శత్రువు’ అను ఒక్కమాటగా నున్నవాడు పేరు, పని, సంసారము గల మనుష్యుడాయెను. పౌల్ ఆతని కుటుంబమునకు సాయపడుదునని ప్రతిజ్ఞ చేయును.

ఇంతటితో ఆపినచో ఇది నీతికథ యగును. రెమార్క్ ఆపలేదు. మరునాడు తనవారిని చేరగానే పౌల్ కు ఆ ప్రతిజ్ఞ దూరమైపోవును. గురిచూచి మనుష్యులను కాల్చి లెక్క పెట్టుకొను ఒక సైనికుని మిత్రులు ఆతనికి చూపుదురు. యుద్ధము యుద్ధమే యని ఆతడును సమాధానపడును. సాధారణీకరణము గోతిలో కలిగినది; కందకమున నిలువలేదు. అది పాఠకుని యందు నిలువవలెనని రచయిత ఆశ. నాటి జర్మను బాలుని దుఃఖము నేడు కృష్ణాతీరమున పల్లెలోని పాఠకునకు తనదిగా తోచినచో ఆ యాశ నెరవేరినట్లే.

సెలవుమీద పౌల్ ఇంటికి వచ్చు భాగమును మనబోటి పెద్దలు ప్రత్యేకముగా చదువదగును. తల్లి జబ్బుతో మంచమున నున్నది. అక్కడ చాల కష్టముగా నున్నదా యని ఆమె అడుగగా, అంత లేదని అబద్ధమాడును. కెమ్మెరిఖ్ తల్లికి, నీ కుమారుడు బాధపడక వెంటనే మరణించెనని చెప్పి, ఆమె పట్టుబట్టగా ఒట్టు కూడ వేయును. ఊరిపెద్దలు మాత్రము ఆతనిని తమ బల్లయొద్దకు పిలిచి, చుట్ట యిచ్చి, ఏయే దేశములను కలుపుకొనవలెనో, శత్రుశ్రేణి నెచట చీల్చవలెనో ఆతనికే బోధింతురు. అచటినుండి వచ్చినవాడు ఆతడు, మాటలాడువారు వారు. తన గదిలోని పుస్తకముల యెదుట కూర్చుండి, పూర్వమువలె అవి తన్ను పిలుచునేమో యని ఎదురుచూచును, అవి పలుకవు. కరుణరసమునకు ఆలంబన మేదియని అడిగితిరేని, మరణించిన మిత్రు లొక్కరే కారు, బ్రతికియుండగనే పోయిన ఈ బాలుర యౌవనము కూడ అందును. ఫిరంగిగుండును తప్పించుకొన్నవారిని సయితము యుద్ధము నాశనము చేసినదని రచయిత గ్రంథారంభముననే సూచించియున్నాడు.

ఇక తుది. ఒక్కొక్కరుగా మిత్రులందరును పోవుదురు. రైతుబిడ్డయగు డెటరింగ్ పూచిన చెర్రీచెట్టును చూచి ఇల్లు జ్ఞప్తికి వచ్చి పారిపోయి పట్టుబడును. నలుబదేండ్లవాడు, ఎక్కడనైనను ఆహారము సంపాదించి అందరికి పెట్టు పెద్దదిక్కు కాట్ కాలికి గాయపడగా, పౌల్ ఆతనిని వీపున మోసికొని చికిత్సాస్థలమునకు చేర్చును. అచటివారు, మోసి ప్రయోజనము లేదు, చనిపోయినాడందురు. త్రోవలో ఒక చిన్న ఇనుపతునక తలకు తగిలినది. మోయుచున్నవానికి తెలియనే లేదు. చివరకు 1918 అక్టోబరులో ఒకనాడు పౌల్ మరణించును. అప్పటికి యుద్ధము ముగియుటకు కొలదివారములే యున్నవి. నవంబరు 11 న తుపాకులు ఆగినవి. ఆనాడు రంగమంతయు ఎంత నెమ్మదిగా నుండెననగా, సైన్యపు దినచర్యలో పశ్చిమమున చెప్పదగిన విశేషమేమియు లేదని ఒక్క వాక్యముతో సరిపుచ్చిరి. నవల పేరు ఆ వాక్యమే. అంతవరకు ‘నేను’ అని చెప్పుచు వచ్చిన కథ చివరి పంక్తులలో ‘అతడు’ అని మారును. చెప్పువాడు పోయెను గనుక చెప్పుటకు ఇంకొకరు రావలసివచ్చినది. వాచ్యార్థమున విశేషము లేదు. వ్యంగ్యార్థమున ఒక తల్లి బిడ్డ పోయినాడు. ధ్వనికి ఇంతకంటె చక్కని ఉదాహరణము దొరకుట కష్టము.

ఈ నవలనుబట్టి 1930 లో అమెరికాలోను, 2022 లో జర్మనీలోను చలనచిత్రములు వచ్చినవి. మొదటిదానిలో సీతాకోకచిలుకకై చేయిచాచిన కథానాయకుని ఎదుటివాడు కాల్చును. రెండవదానిలో తుపాకులాగు దినముననే జరిగిన కడపటి దాడిలో ఆతడు మరణించును. రెండును కంటికి కట్టునవే. కాని ఏ విశేషమును లేనినాటి చావు అను ధ్వని నవలలోనే యున్నది. చావును గొప్ప సంఘటనగా చేసిన కొలది పేరునందలి వ్యంగ్యము పలుచనగును.

ఆ చివరిపంక్తులలో మృతుని ముఖమున నెమ్మది కనబడెనని యున్నది. దానినిబట్టి అంగిరసము శాంతమనవచ్చునా? భారతమున వలెనే ఇందును అందరును పోయిరి, విరక్తియు కలిగినది. కాని శాస్త్రము నిర్వేదమును రెండు విధములుగా చెప్పును. తత్త్వజ్ఞానమువలన పుట్టిన నిర్వేదము శాంతమునకు స్థాయి. దారిద్ర్యము, వ్యాధి, అవమానము మొదలగు ఆపదలవలన పుట్టినది వచ్చిపోవు వ్యభిచారిభావము మాత్రమే. ధర్మరాజు మహాప్రస్థానమునకు బయలుదేరునప్పటికి జీవితమును పూర్తిగా చూచినవాడు. రాజ్యమేలి, మనుమనికి పట్టముగట్టి, తెలిసి విడిచెను. పౌల్ ఏమి చూచెను? సంసారము చేయలేదు, వృత్తి నేర్వలేదు, విడుచుటకు ఆతనియొద్ద ఏమియు లేదు. పట్టుకొననివానికి త్యాగమెక్కడిది? ఆతని ముఖమునందలి నెమ్మది అలసట తీరిన నెమ్మది గాని జ్ఞానము గాదు. కావున నాకు తోచినంతవరకు ఇందలి అంగిరసము కరుణమే. మరల కలియు ఆశ యున్నచో అది విప్రలంభము, ఆశ లేనిచో కరుణము అని భరతుని విభాగము. ఇక్కడ ఆశ లేదు.

ఇది పండితుల చర్చ మాత్రమే గాదు. శాంతమని చదివినచో, పోనిండు, బిడ్డకు విశ్రాంతి కలిగినదని పుస్తకము మూసివేయుదుము. కరుణమని చదివినచో, పోయినది తిరిగి రాదను లెక్క మన యెదుట తెరచియే యుండును. ఈ లెక్క కొందరికి కంటగింపు ఆయెను. 1930 డిసెంబరులో బెర్లినులో ఈ నవల చలనచిత్రమును ప్రదర్శించుచుండగా, గోబెల్స్ నాయకత్వమున నాజీపక్షమువారు ప్రదర్శనశాలలో ఎలుకలను వదలి, దుర్గంధపు గోళీలు విసరి అల్లరి చేసిరి. కొలదిదినములలో చిత్రము నిషేధింపబడెను. 1933 మే 10 న నాజీలు తగులబెట్టిన గ్రంథములలో ఇదియు నొకటి. రెమార్క్ స్విట్జర్లాండు చేరెను; 1938 లో ఆతని జర్మను పౌరసత్వము తీసివేయబడెను. దేశముననే యుండిన ఆతని చెల్లెలిని 1943 డిసెంబరులో, యుద్ధమున ఓటమి తప్పదని పలికినదను నేరముపై, శిరచ్ఛేదము చేసిరి. ఆతడు 1970 లో పరదేశముననే మరణించెను. వీరరసాభాసముతో బాలురను మరల యుద్ధమునకు పంపదలచినవారికి మొదట తొలగింపవలసిన అడ్డు ఈ కరుణమని తెలిసియే యుండెను.

వీరరసమును మనము విడువవలెనని నేననుట లేదు. బాలచంద్రుని కథ పాడుట మానవలసిన పనిలేదు. ఆ కథలలో వీరుడు ఎవనితో పోరుచున్నాడో, ఎందుకు పోరుచున్నాడో తెలిసి పోరెను. అసమ్మోహము వానియందు కలదు. అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ ఉత్సాహము ఎవరిది, ప్రాణము ఎవరిది? రెండును ఒక్కనివే అయినచో అది వీరము. వేరువేరైనచో, ఎంత గంభీరముగా పలికినను అది ఆభాసము.

తిక్కన సోమయాజి విరాటపర్వము మొదలు పదునైదు పర్వములు తెనిగించునప్పుడు యుద్ధపర్వములతో ఆగలేదు. గాంధారి యుద్ధభూమిని కలయజూచి విలపించు స్త్రీపర్వమును కూడ వ్రాసెను. కాని మన యిండ్లలో ద్రోణపర్వము చదివించుకొన్నన్ని మారులు స్త్రీపర్వము చదివించుకొనుట లేదు. ఏడుపుకథ యని దాటవేయుదుము. అరుగుమీద పిల్లలను కూర్చుండబెట్టుకొని అభిమన్యుని కథ చెప్పిన సాయంకాలమునకు తరువాతి సాయంకాలము, ఉత్తర ఆతని కళేబరముపై పడి ఏమనెనో కూడ చదివి వినిపింపుడు. రెండును విన్న పిల్లవాడు పెరిగి తనకు తానే నిర్ణయించుకొనగలడు.

సెలవు.